తీగ లాగే ఊరు

ఒకసారి కనిపించి మరోసారి మాయమయ్యే కరెంటు లోపం పాత కారుకు పట్టిన దయ్యం లాంటిది. దాని జాడ పట్టాలంటే కొత్త సామాను కన్నా ఓపిక ముఖ్యమంటారు ఖరగ్‌పూర్ తెలుగు మేస్త్రీలు

"బండి ఆగిపోయినప్పుడు హారన్ మోగిందేటి?"

ఖరగ్‌పూర్‌లో ఖరీదా వైపు వెళ్లే దారిలో ఓ రేకుల షెడ్డు. సాయంత్రం అయిదు దాటింది. బానెట్ ఎత్తిన మీగడ రంగు అంబాసిడర్ ముందు నిలబడి వైరింగ్ మేస్త్రీ అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆయన చేతిలో ఇంకా ఏ పనిముట్టూ లేదు. కారు యజమాని రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయిన పెద్దమనిషి. నాలుగు రోజుల్లో మేనకోడలి పెళ్లి. ఊరు శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర. రైలు టికెట్లు దొరకలేదు. ఇంటిల్లిపాదీ కారులోనే బయల్దేరాలి. దూరం 500 కిలోమీటర్లు దాటుతుంది. కారేమో నెల రోజుల్లో మూడుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ పావుగంట తర్వాత ఏమీ జరగనట్టే స్టార్టయింది.

"మోగింది మేస్త్రీ. హెడ్‌లైట్లు కూడా ఎలుగుతూనే ఉన్నాయి."

"డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వచ్చిందా?"

"నేదు. ఇండికేటర్లూ పనిచెయ్యనేదు."

"అయితే సగం దొరికేసినట్టే బావుగారూ" అంటూ మేస్త్రీ అప్పుడు చొక్కా చేతులు పైకి మడిచారు.

అంతకుముందు ఇదే కారును వేరే చోట్ల చూపించారు. ఒకరు కాయిల్ మార్చారు. ఇంకొకరు కండెన్సర్, ప్లాటినం పాయింట్లు వేశారు. మూడో మనిషి బ్యాటరీయే పోయిందన్నాడు. కొత్త బ్యాటరీ వేసిన వారానికే కారు మళ్లీ ఆగింది. ప్రతి ఒక్కరూ ఏదో ఒక వస్తువు మార్చారు. ఆగిన క్షణంలో ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు అని మాత్రం ఎవరూ అడగలేదు.

అంబాసిడర్‌లో కరెంటు ప్రధానంగా రెండు దారుల్లో నడుస్తుంది. హారన్, హెడ్‌లైట్లకు వెళ్లే దారికి తాళంతో పనిలేదు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది రెండో దారి. ఇంజన్‌కు నిప్పురవ్వనిచ్చే కాయిల్, ఇండికేటర్లు, డాష్‌బోర్డు ఎర్ర దీపం ఈ రెండో దారిలో ఉంటాయి. పెద్దాయన చెప్పినదాని ప్రకారం మొదటి దారి బతికే ఉంది, రెండోది మొత్తంగా చచ్చింది. కాబట్టి బ్యాటరీ తప్పు లేదు. కాయిల్ ఒక్కటే పోతే ఇండికేటర్లు ఆగవు. లోపం తాళం స్విచ్‌లోనో, దానికి కరెంటు తెచ్చే తీగలోనో ఉండాలి. రెండు ప్రశ్నలతో కారులోని తీగల్లో ముప్పాతిక వంతు అనుమానితుల జాబితా నుంచి తప్పుకున్నాయి.

రైలు కూతతో వచ్చిన తెలుగు

ఇంత లెక్కగా ఆలోచించే మేస్త్రీ ఈ ఊళ్లో తారసపడటం వింతేమీ కాదు. ఖరగ్‌పూర్ పుట్టిందే రైళ్ల కోసం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్‌ఆర్) ఆ శతాబ్దం చివరి రెండు మూడేళ్లలో ఇక్కడికి పట్టాలు వేసింది. కలకత్తా, కటక్, సినీ వైపు దారులు ఇక్కడ కలిశాయి. ఆ వెంటే భారీ వర్క్‌షాపు వెలిసింది. ఇనుప పని, చెక్క పని, బాయిలర్ పని, ఆ తర్వాత కరెంటు పని... చేతిలో పనితనం ఉన్నవాడికల్లా ఇక్కడ చోటు దొరికింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వేల కుటుంబాలు బీఎన్‌ఆర్ బండెక్కి వచ్చాయి. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి నాయకత్వం వహించిన కార్మిక సంఘాల్లో బీఎన్‌ఆర్ సంఘం ఒకటి. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు చేసిన సమ్మె దేశమంతటా వినిపించింది.

అప్పుడు వచ్చినవారి మునిమనవలు ఇప్పటికీ ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో బెంగాలీ మాట్లాడతారు. గోల్‌బజార్‌లో కూరగాయల బేరం మూడు భాషల్లోనూ సాగుతుంది. వాక్యం తెలుగులో మొదలై 'దాదా'తో ముగుస్తుంది. ఉత్తరాంధ్ర యాస మాత్రం చెక్కుచెదరలేదు. ఈ ఊరిని 'మినీ ఇండియా' అనడం స్థానికులకు అలవాటు. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో నిర్ణయించడానికి ఖరగ్‌పూర్ తెలుగువారి సంఖ్యాబలం కూడా ఒక కారణం.

పేరుకు ఇది రైల్వే పట్టణమే అయినా బయటివారికి రెండు విషయాల వల్ల ఎక్కువ తెలుసు. ఒకటి 1072.5 మీటర్ల ప్లాట్‌ఫాం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటిపోయేవరకు ప్రపంచంలో అతి పొడవైన ప్లాట్‌ఫాం అంటే అందరూ దీని పేరే చెప్పేవారు. రెండోది ఐఐటీ. బ్రిటిష్ హయాంలో రాజకీయ ఖైదీలను ఉంచిన హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోనే 1951లో దేశంలోని తొలి ఐఐటీ మొదలైంది. విద్యుత్ సిద్ధాంతం అక్కడ తరగతి గదుల్లో చెబుతారు. పట్టాలకు ఇవతల, ఖరీదా, మలంచా, ఇందా దారుల్లోని రేకుల షెడ్లలో అదే సిద్ధాంతం చేతికి మసి అంటించుకుని పనిచేస్తుంది. ఈ షెడ్లలోని పాత మేస్త్రీల్లో తండ్రో తాతో వర్క్‌షాపులో పనిచేసినవారు చాలామంది. ఉద్యోగం అందరికీ రాలేదు. పని పద్ధతి మాత్రం వారసత్వంగా వచ్చింది.

మీటరు చెప్పిన అబద్ధం

షెడ్డులో మేస్త్రీ దగ్గర డిజిటల్ మీటరుంది. దానికన్నా ఆయన ఎక్కువగా నమ్మేది ఓ ఇండికేటర్ బల్బును. హోల్డర్‌లో బిగించి, రెండు తీగలు తగిలించి, చివర్లకు క్లిప్పులు పెట్టుకున్న 21 వాట్ల బల్బది. కుర్రాడు మీటరు ముల్లు తాళం స్విచ్ వెనక పెట్టి "పన్నెండు వోల్టులు వస్తన్నాది గురూగారూ" అన్నాడు. మేస్త్రీ అదే చోట బల్బు తగిలించారు. బల్బు మందంగా వెలిగింది. డాష్‌బోర్డు వెనక తీగల కట్టను చేత్తో కొద్దిగా కదిపేసరికి ఆరిపోయింది.

మీటరుది అబద్ధం కాదు, సగం నిజం. మీటరు తాగే కరెంటు దాదాపు సున్నా. తీగలోని పాయలన్నీ తెగి ఒక్క వెంట్రుకలాంటి పాయ మిగిలినా అది పూర్తి వోల్టులు చూపిస్తుంది. 21 వాట్ల బల్బుకు సుమారు 2 ఆంపియర్లు కావాలి. కాయిల్‌కు ఇంకా ఎక్కువే కావాలి. అంత భారం పడేసరికి ఆ ఒక్క పాయ చేతులెత్తేస్తుంది. ఖాళీ బండి దాటిన వంతెన సామాను బండికి కూలినట్టు. పని చేయించకుండా తీగ గుణం తెలియదన్నది మేస్త్రీ మొదటి సూత్రం.

ఆయన రెండో సూత్రం, లోపం వచ్చే పరిస్థితిని తెచ్చిపెట్టడం. వచ్చిపోయే లోపం మెకానిక్ షెడ్డులో ఎప్పుడూ రాదు. చల్లగా ఉన్నప్పుడు, కదలకుండా ఉన్నప్పుడు కారు బుద్ధిమంతురాలు. కాబట్టి ఇంజన్ వేడెక్కాలి. హెడ్‌లైట్లు, ఫ్యాను, వైపర్ అన్నీ వేయాలి. కట్టలను ఒక్కొక్కటే కదపాలి. ఒక చోట కదిపినప్పుడు లోపం కనిపిస్తే అక్కడి నుంచి అంగుళం అంగుళం చొప్పున వెతుకుతూ వెళ్లాలి. ఒకేసారి రెండు చోట్ల చేయి పెట్టకూడదు, రెండు పనులు కలిపి చేయకూడదు. ఏది చేస్తే బాగయిందో తెలియకపోతే అది బాగయినట్టు కాదు.

పాత కార్లలో దొంగలు దాక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ముందు చెప్పుకోవలసింది ఎర్త్. కారులో కరెంటు తీగ మీద వెళ్లి, బాడీ గుండా బ్యాటరీకి తిరిగొస్తుంది. బాడీకి ఎర్త్ బిగించిన చోట తుప్పు పట్టినా, పెయింటు అడ్డుపడినా తిరుగుదారి మూసుకుపోతుంది. అప్పుడు కరెంటు పక్కదారులు వెతుక్కుంటుంది. ఇండికేటర్ వేస్తే పక్కనున్న దీపం కూడా మిణుకుమిణుకుమంటే అనుమానించవలసింది బల్బును కాదు, ఎర్త్‌ను. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ వదులైతే సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ భారీ కరెంటు చోక్ కేబుల్ గుండా వెళ్లి దాన్ని కాల్చేసిన సందర్భాలున్నాయి. చోక్ కేబుల్ పొగ వచ్చిందని కొత్త కేబుల్ వేస్తే అదీ కాలుతుంది.

మరో చోటు, ఇంజన్ గదికీ డాష్‌బోర్డుకూ మధ్య రేకులో తీగలు దూరే కన్నం. అక్కడి రబ్బరు బుష్ ఎండిపోతే రేకు అంచు ఏళ్ల తరబడి తీగ తోలును కోస్తుంది. గతుకు వచ్చినప్పుడు షార్టవుతుంది, గతుకు దాటగానే మామూలవుతుంది. ఇంకోటి ఫ్యూజు డబ్బా. పాత అంబాసిడర్‌లో గాజు ఫ్యూజులు బహు తక్కువ. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టి పెట్టే డ్రైవర్లున్నారు. అది లోపాన్ని కప్పిపుచ్చి, కాలవలసిన ఫ్యూజుకు బదులు తీగలనే కాలుస్తుంది. బానెట్ కింద మంటలు లేచేది ఇలాగే.

మేదినీపూర్ ప్రాంతపు ఎర్రమట్టి దుమ్ము, దానిమీద వానాకాలపు తేమ తోడైతే రాగి పచ్చబడటానికి ఎంతోకాలం పట్టదు. బంగాళాఖాతం వైపు నుంచి గాలివాన వచ్చి వెళ్లిన వారం ఈ షెడ్ల ముందు వరస కట్టే బండ్లే దానికి సాక్ష్యం.

పేరు తప్పిన తీగ

అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు భారతీయ రూపం. తీగల రంగులూ అక్కడి లూకాస్ పద్ధతిలోనే వచ్చాయి. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమ రంగు, తాళం దాటాక తెలుపు, ఎర్త్‌కు నలుపు. రంగు చూస్తే తీగ కులగోత్రాలన్నీ తెలిసిపోయేవి. కానీ 40 ఏళ్ల కారులో ఆ రంగులను నమ్మడానికి లేదు. టేప్‌రికార్డర్ బిగించినవాడు ఒక తీగ కలుపుతాడు, ఫ్యాను పెట్టినవాడు మరొకటి లాగుతాడు. చేతికి దొరికిన రంగు వాడతారు. లోపం వెతికేవాడు గోధుమ తీగను పట్టుకుని వెళితే మధ్యలో అది ఎర్రగా మారిపోతుంది.

తీగ పేరు తప్పడం ఎంత పెద్ద విషయమో ఖరగ్‌పూర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ స్టేషన్‌లో 2017 నవంబర్ నుంచి బండ్లు పోయే 800 దారులను ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ నియంత్రిస్తోంది. పాయింటు ఒక వైపు, సిగ్నల్ మరో వైపు ఉండకుండా చూడటమే దాని పని. ఆ భరోసా అంతా తీగల మీదే నిలబడి ఉంటుంది. 2023 జూన్ 2 సాయంత్రం ఖరగ్‌పూర్ మీదుగా వెళ్లిన చెన్నై కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ బాలాసోర్ జిల్లా బహనాగా బజార్‌లో మెయిన్ లైన్ సిగ్నల్ చూసుకుని పూర్తి వేగంతో వెళ్లింది. పాయింటు లూప్ లైన్‌కు ఉంది. అక్కడ ఆగి ఉన్న గూడ్స్‌ను ఢీకొట్టింది. 290 మందికి పైగా చనిపోయారు. ఆ స్టేషన్ ఖరగ్‌పూర్ డివిజన్‌లోదే. లెవెల్ క్రాసింగ్ దగ్గరి పెట్టెలో తీగల పేర్లు ఏళ్ల తరబడి తప్పుగా ఉండిపోయాయని, వాటి మీద జరిగిన మార్పులే సిగ్నల్‌ను తప్పుదారి పట్టించాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. తప్పు వైరింగ్ వల్లే 2022 మే 16న ఇదే డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్‌లోనూ ఇలాంటి పొరపాటు జరిగిందని, అప్పుడే మేల్కొని ఉంటే బహనాగా జరిగేది కాదని ఆ నివేదిక సారాంశం. ఆ రైలు తెలుగువారికి ఊరి బండి. శ్రీకాకుళం, విశాఖ వైపు బంధువులున్న ఖరగ్‌పూర్ ఇళ్లలో ఆ రాత్రి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

కారు ఆగడానికీ రైలు ప్రమాదానికీ పోలిక లేదు. కానీ అంతకు ముందే ఒకసారి కనిపించి, దానంతటదే సర్దుకున్న లోపాన్ని 'పోయిందిలే' అని వదిలేయడం రెండు చోట్లా ఒకటే.

మిగిలిన బండ్లు, మిగిలిన చేతులు

అంబాసిడర్ పుట్టింది ఇదే రాష్ట్రంలో. హుగ్లీ జిల్లా ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారం 1950ల చివరి నుంచి 2014 మే వరకు దాన్ని తయారుచేసింది. 2017లో ఆ పేరును కూడా 80 కోట్ల రూపాయలకు ఫ్రెంచి కంపెనీ పూజో కొనుక్కుంది. కలకత్తా పసుపు టాక్సీలు 15 ఏళ్ల వయోపరిమితి దాటి ఒక్కొక్కటే రోడ్డు దిగిపోతున్నాయి. సొంత కార్లకు 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. అయితే అందుకు కట్టవలసిన రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు ఎగబాకింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో మరింత పెరిగింది. దానికి తోడు కారు దారిలో ఆగుతుందన్న భయం పట్టుకుంటే ఇంట్లోవాళ్లు 'పాత ఇనుముకు ఇచ్చేద్దాం' అంటారు. చాలా అంబాసిడర్లు ఇంజన్ పోయి కాదు, ఎవరూ కనిపెట్టలేని ఒక లూజ్ కాంటాక్ట్ వల్ల తూకానికి వెళ్లాయంటారు మేస్త్రీలు.

కొత్త కార్లు వచ్చాక షెడ్డులో స్కానర్ చేరింది. ప్లగ్ గుచ్చితే లోపం సంఖ్య తెర మీద కనిపిస్తుంది. కుర్రాళ్లకు అదే ఇష్టం. అయితే స్కానర్ కూడా ఫలానా సెన్సర్ నుంచి సమాచారం రావడం లేదని మాత్రమే చెబుతుంది. సెన్సర్ పోయిందా, దాని తీగ తెగిందా అన్నది చేత్తో వెతకవలసిందే. "పాత బండి మీద నేర్చుకున్నోడు కొత్త బండి సేస్తాడు. కొత్త బండి మీదే నేర్చుకున్నోడు సామాను మారుస్తాడంతే" అన్నది మేస్త్రీ మాట. నేర్చుకోవడానికి పాత బండ్లు ఎన్నాళ్లుంటాయన్నదే ప్రశ్న. ఆయన కొడుకు ఈ పనిలోకి రాలేదు.

చేతికి తగిలిన ముడి

రాత్రి ఎనిమిదికి దొంగ దొరికాడు. బ్యాటరీ ప్లస్‌కూ తాళం స్విచ్ లోపలి కొసకూ మధ్య మీటరు పెట్టి, బండి నడుస్తుండగా చూస్తే అర వోల్టు లోపు ఉండాలి. తీగల కట్ట కదిపినప్పుడల్లా రెండు దాటుతోంది. మేస్త్రీ గ్లోవ్‌బాక్స్ ఊడదీసి, చేయి లోపలికి పోనిచ్చి, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమారు. ఒక చోట తీగ వెచ్చగా తగిలింది. బయటికి లాగితే నల్ల టేపు చుట్టిన ముడి. ఎప్పుడో టేప్‌రికార్డర్ కోసం గోధుమ తీగను కోసి, మూడు కొసలు మెలేసి, టంకం పెట్టకుండా టేపు చుట్టేశారు. టేపు జిగురు ఎండిపోయింది. లోపల రాగి పచ్చగా పొడిపొడిగా ఉంది. ఇంజన్ వేడికి, గతుకుల కుదుపుకు ఆ ముడి విడిపోయేది. చల్లారితే మళ్లీ అంటుకునేది. అందుకే పావుగంట. ఆ టేప్‌రికార్డర్ కారులో లేదు. దాన్ని తీసేసి ఇరవై ఏళ్లయిందని పెద్దాయనకు అప్పుడు గుర్తొచ్చింది.

పచ్చబడ్డ కొసలు కోసేశారు. కొత్త గోధుమ తీగ ముక్క కలిపి, టంకం పెట్టి, గొట్టం తొడిగారు. పనిలో పనిగా ఎర్త్ పట్టీ విప్పి ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకారు. రేకు కన్నంలో కొత్త రబ్బరు వేశారు. గుడ్డ టేపు ముక్క మీద పెన్నుతో 'తాళం - మెయిన్' అని తెలుగులో రాసి తీగకు అంటించారు. తర్వాత వచ్చే మేస్త్రీ బెంగాలీ అయితే ఎలాగని కుర్రాడు నవ్వితే, కిందనే బెంగాలీలో కూడా రాయించారు.

పని అక్కడితో ముగియలేదు. అన్ని లైట్లూ వేసుకుని, ఊళ్లోని గతుకులన్నీ వెతుక్కుంటూ, చౌరంగీ కూడలి దాకా వెళ్లి వచ్చారు. కలకత్తా నుంచి చెన్నై వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి అక్కడే తగులుతుంది. అదే రోడ్డు ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం మీదుగా విశాఖకు పోతుంది. కారు ఎక్కడా ఆగలేదు. అయినా మేస్త్రీ 'బాగయిపోయింది' అనలేదు.

"బాలాసోర్‌లో టీకి ఆపుతారు కదా బావుగారూ, అప్పుడు గ్లోవ్‌బాక్స్ కింద ఈ ముడి మీద సెయ్యేసి సూడండి. సల్లగా ఉంటే ఎల్లిపోండి. ఎచ్చగా తగిల్తే పెళ్లని సూడకండి, ఎనక్కి వచ్చీండి."

పెద్దాయన డబ్బులిచ్చి, ఆ ముడి ఎక్కడుందో తన వేళ్లతో రెండుసార్లు తడిమి చూసుకున్నాకే కారెక్కారు.